ఒడ్డున పడితే మునిగినట్టే

కష్టం గడిచి బయటపడితే తెలుగువాళ్లు "ఒడ్డున పడ్డాం" అంటారు. అమ్మాయి పెళ్లయినా, అబ్బాయి పరీక్ష గట్టెక్కినా, బ్యాంకు అప్పు తీరినా పడేది ఒడ్డునే. గట్టు, దరి, తీరం... మన నుడికారంలో ఇవన్నీ అభయమిచ్చే చోట్లు. ఇదే మాట ఇంగ్లండు దక్షిణ తీరంలో చిన్న తెరచాప పడవలు నడిపేవాళ్ల దగ్గర అంటే ఉలిక్కిపడతారు. వాళ్ల లెక్కలో ఒడ్డున పడటమంటే పడవ ముక్కలైనట్టే. గాలి సముద్రం మీంచి నేల వైపు తోస్తున్నప్పుడు ఆ నేలకు దగ్గర్లో చిక్కుకోవడం కన్నా పెద్ద గండం తెరచాప పడవకు లేదు. నడిసముద్రంలో తుపాను ఎంత దూరం తోసుకుపోయినా, తోసుకుపోవడానికి చోటుంటుంది. తీరం దగ్గర ఆ చోటే కరువు.

శ్రోతలు కాసేపు అలాంటి పడవ ఒకటి ఎక్కాలి. పెద్దదేం కాదు. యాట్ అనగానే మన సినిమా పాటల్లో తళతళలాడే తెల్లటి మేడలాంటి ఓడ గుర్తొస్తుంది; దాన్ని ముందు మనసులోంచి తీసేయాలి. ఇది ఎనిమిది మీటర్ల పొడవు. లోపల నిలబడితే తల పైకప్పుకు తగులుతుంది. రెండు పడకలు, అల ఎటు ఊగితే అటు తానూ ఊగి గిన్నె ఒలకనివ్వని చిన్న పొయ్యి, పటం పరుచుకునేందుకు ఒక బల్ల. అడుగున నీళ్లలోకి మీటరున్నర దిగి ఉండే బరువైన ఇనుప రెక్క. ఎక్కింది ఇద్దరే. వేగం బాగుంటే అయిదు నాట్లు. నాట్లంటే వరి నాట్లు కావు. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1852 మీటర్లు నడిస్తే ఒక నాట్. అయిదు నాట్లంటే మన ఊళ్లో సైకిలు మీద పాలవాడు మెల్లగా తొక్కుకుంటూ పోయే వేగం. ఆ వేగంతో ఐల్ ఆఫ్ వైట్‌లోని యార్మత్ రేవు నుంచి పడమరగా వేమత్‌కు, అక్కడి నుంచి పోర్ట్‌లాండ్ కొమ్ము చుట్టి డార్ట్‌మత్‌కు వెళ్లాలి. కారులో అయితే ఒక పూట. ఈ పడవకు రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం. వారం పట్టిందంటే అందులో నాలుగైదు రోజులు రేవులో కూర్చున్నవే అయి ఉంటాయి.

తెల్లవారకముందే కేబిన్‌లో రేడియో మోగుతుంది. బీబీసీ చదివే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్, అంటే ఓడలకు వాతావరణ సూచన. 1925 నుంచి వస్తున్న కార్యక్రమం ఇది. ఏళ్ల తరబడి లాంగ్‌వేవ్‌లో వినిపించింది. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, ఉత్తరాన వైకింగ్‌తో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగినట్టు వరసగా చదువుకుంటూ పోతారు. హంబర్, థేమ్స్, డోవర్, వైట్, పోర్ట్‌లాండ్, ప్లిమత్... సముద్రం మొహం చూడని లక్షల మంది కూడా దుప్పటి కప్పుకుని ఆ పేర్లు వింటూ నిద్రపోతారట. పడవలో ఉన్నవాడికి ఆ విలాసం లేదు. పెన్సిల్ పట్టుకుని తన మూడు పేర్లూ వచ్చేదాకా చెవులు రిక్కించి కూర్చుంటాడు.

ఆ సూచనలో ఒక్క మాట కూడా దుబారా ఉండదు. మొదట గాలి దిక్కు, తర్వాత ఒక అంకెగా దాని బలం, తర్వాత వాన, చివర చూపు ఎంత దూరం ఆనుతుందో. "గుడ్" అన్నారంటే అయిదు నాటికల్ మైళ్లకు పైన కనిపిస్తుందని. గాలి హెచ్చరికలో "ఇమినెంట్" అన్న మాట వస్తే ఆరు గంటల్లోపు. "సూన్" అంటే ఆరు నుంచి పన్నెండు. "లేటర్" అంటే పన్నెండు నుంచి ఇరవై నాలుగు. మన దగ్గర "తర్వాత చూద్దాం" అంటే ఎప్పటికీ కాదని అర్థం. ఇక్కడ మాత్రం తర్వాతకు కూడా గంటలు కట్టి పెట్టారు.

ఈ గంటల లెక్క వెనక ఒక ఓడ ఉంది. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఆవిరి ఓడ ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి బంగారం గనుల్లో సంపాదించుకున్న జనాన్ని ఎక్కించుకుని లివర్‌పూల్‌కు తిరిగొస్తోంది. సగం భూగోళం చుట్టి వచ్చింది. ఇంకొక్క రోజైతే ఇంటికి చేరేదే. వేల్స్ దేశపు ఆంగ్లెసీ ద్వీపం దగ్గర తుపాను పట్టుకుని, లంగరు గొలుసులు తెంపి, రాళ్ల మీదికి విసిరింది. పోయినవాళ్లు సుమారు 450 మంది. వాళ్లు పోయింది నడిసముద్రంలో కాదు, కేకేస్తే ఊరివాళ్లకు వినిపించేంత దగ్గర్లో. ఆ దుర్ఘటన కదిలించిన మనిషి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. యువకుడు డార్విన్‌ను బీగిల్ నౌకలో ప్రపంచం చుట్టూ తిప్పిన కెప్టెన్ ఆయనే. 1861లో తంతి ద్వారా రేవులకు తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు చేశాడు. తంతి అందగానే రేవులో కొయ్య మీద శంఖువు ఆకారపు గుర్తు ఎగరేసేవారు. విశాఖ, కాకినాడ రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని మన వార్తల్లో విన్నప్పుడల్లా గుర్తుచేసుకోవలసిన ఆలోచన అది. ఆయన జోస్యాలు తప్పినప్పుడు పత్రికలు ఎగతాళి చేశాయి. 1865లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. 2002లో ఆ 31 పేర్లలో ఫినిస్టెర్ అన్నదాన్ని తీసేసి ఫిట్జ్‌రాయ్ అని పెట్టారు. ఇప్పుడు రోజూ రేడియోలో ఆయన పేరు చదువుతారు. బతికుండగా దక్కని గౌరవం, పోయాక దక్కడమంటే ఇదే కాబోలు.

సరే, గాలి బాగుంది. వాయవ్యపు గాలి, మోస్తరుగా నాలుగో బలం. ఇక బయల్దేరవచ్చు కదా అంటే, కుదరదు. ముహూర్తం చూడాలి.

ముహూర్తమన్న మాట వేళాకోళానికి అన్నది కాదు. వాళ్లకూ పంచాంగం ఉంది. 1932 నుంచి ఏటా అచ్చవుతున్న రీడ్స్ నాటికల్ అల్మనాక్ ప్రతి చిన్న పడవలోనూ ఉంటుంది. ఏ తేదీన ఏ రేవులో పోటు ఎన్ని గంటలకు, ఆటు ఎన్ని గంటలకు, మట్టం ఎంత... అన్నీ తిథివారనక్షత్రాల్లా గళ్లలో ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీటి జోరు ఎక్కువ. అష్టమి దాటాక తక్కువ. మన బెస్తలు ఈ సంగతి ఏ పుస్తకం లేకుండానే చెబుతారు. తేడా ఎక్కడంటే, మన తూర్పు తీరంలో ఈ నీటి పరుగు ఎక్కువగా ఏటి మొగల దగ్గరే బలం చూపిస్తుంది. ఇంగ్లిష్ ఛానల్ అలా కాదు. అట్లాంటిక్ మహాసముద్రం రోజుకు రెండుసార్లు ఆ ఇరుకు గొట్టంలోకి నీళ్లు తోసి, రెండుసార్లు లాగేసుకుంటుంది. మొత్తం ఛానలంతా ఆరు గంటల చిల్లర తూర్పుకు, ఆరు గంటల చిల్లర పడమరకు నడిచే ఏరు. అవతల ఫ్రాన్సు ఒడ్డున సెయింట్ మాలో దగ్గర పౌర్ణమి రోజుల్లో నీరు పన్నెండు మీటర్లు లేచి దిగుతుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. విశాఖలో రెండు మీటర్లు మించదు. విచిత్రమేమిటంటే పోర్ట్‌లాండ్ దగ్గర కూడా మట్టం పెరిగేది రెండు మీటర్ల లోపే. ఎత్తు చూసి అక్కడి నీటిని అంచనా వేసినవాడు చెడతాడు. దాని బలమంతా నిలువులో కాదు, పరుగులో ఉంది.

అయిదు నాట్ల పడవకు నాలుగు నాట్ల నీరు ఎదురొస్తే ముందుకు పోయేది ఒక్క నాట్. అదే నీరు వెనక నుంచి వస్తే తొమ్మిది. ఒకే పడవ, ఒకే గాలి, ఒకే తెరచాప. బయల్దేరిన వేళను బట్టి తొమ్మిదింతల తేడా. అందుకే యార్మత్ రేవులో పొద్దున్నే టీ తాగుతూ, గడియారం చూస్తూ కూర్చుంటారు. గాలివాటం మనిషి అని మనం తిట్టుగా వాడతాం గానీ తీరం వెంట పోయే పడవకు గాలివాటం రెండో లెక్క. మొదటిది నీటివాటం. గాలి ఎదురైతే మెలికలు తిరుగుతూనైనా పోవచ్చు. నీరు ఎదురైతే పడవ నురగ కక్కుకుంటూ పరిగెడుతున్నట్టే ఉంటుంది, ఒడ్డున గుడిశిఖరం మాత్రం అరగంట తర్వాత కూడా అదే చోట కనిపిస్తుంది.

నీరు తిరిగింది. తాళ్లు విప్పారు.

మొదటి పావుగంటలోనే హర్స్ట్ ఇరుకు వస్తుంది. గులకరాళ్ల దిబ్బ ఒకటి నేల నుంచి సముద్రంలోకి చేయి చాపినట్టు ఉంటుంది. దాని కొసన ఎనిమిదో హెన్రీ కట్టించిన కోట. తల తీయించుకోబోయే ముందు, 1648 డిసెంబరులో, రాజు మొదటి చార్లెస్‌ను ఈ కోటలోనే బంధించి ఉంచారు. ఆ కోటకూ ద్వీపానికీ మధ్య సందు మైలు కూడా ఉండదు. లోపలి జలసంధి నీరంతా ఆ సందులోంచే వెళ్లాలి. పెద్ద చెరువు కింద చిన్న తూము తెరిచినట్టు. నీటి మీద గాలి లేని చోట కూడా సుడులు, నూనె పోసినట్టు నున్నటి మచ్చలు, పక్కనే ఉడుకుతున్నట్టు బుడగలు. చుక్కాని పట్టుకున్న చేతికి కిందనుంచి ఎవరో లాగినట్టు తగులుతుంది.

సందు దాటితే ఎడమవైపు నీడిల్స్. పేరుకు సూదులు, చూస్తే సుద్దరాతి మొద్దులు, మూడు. నిజంగా సూదిలా సన్నగా ఉన్న నాలుగోది 1764 తుపానులో కూలిపోయింది, పేరు మాత్రం మిగిలింది. కొసన 1859లో కట్టిన ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్. కుడివైపు షింగిల్స్ అనే గులకరాళ్ల మేట. మంచి ఎండలో, నీరు పడమరకు జోరుగా పోతుంటే, పడవలో ఉన్నవాళ్లకు ఇది పండగ. కానీ అదే పూట నైరుతి గాలి కాస్త గట్టిగా వీస్తే? పడమరకు పోయే నీటికి పడమటి గాలి ఎదురు. పరిగెత్తే నీటిని గాలి వెనక్కి దువ్వితే అల కురచబడుతుంది, నిటారవుతుంది. మామూలుగా పొడుగాటి వాలులా ఉండే అల, గోడలా లేస్తుంది. ఒక గోడ దిగేలోపే రెండో గోడ. రేవులో జెండా హాయిగా రెపరెపలాడించిన ఆ గాలే ఇక్కడ పడవ ముక్కును నీళ్లలో ముంచుతుంది. గాలిని ఒక్కదాన్నే చూసి నిర్ణయం తీసుకోకూడదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అక్కడి నుంచి పడమరగా పోతే ఆన్విల్ పాయింట్, సెయింట్ ఆల్బన్స్ హెడ్. అవి దాటాక లల్‌వర్త్ దగ్గర సైన్యం టాంకుల ఫిరంగి సాధన చేసే చోటు ఉంది. గుళ్లు సముద్రంలోకి కూడా వస్తాయి. కాపలా పడవ వచ్చి, దయచేసి బయటి నుంచి వెళ్లండని మర్యాదగా చెబుతుంది. ఫిరంగితో వాదించేవాడు ఎవడు? ఒక గంట చుట్టు తిరుగుడు. వేమత్‌కు చేరేసరికి ఆరు గంటల నీరు సరిగ్గా అయిపోవాలి. యార్మత్ నుంచి 35 నాటికల్ మైళ్ల దరిదాపు. లెక్క కుదిరితే ఒకే ఆటు మీద రేవు చేరతారు. కుదరకపోతే ఆఖరి నాలుగు మైళ్లు మొదటి పదిహేను మైళ్లంత సేపు పడతాయి.

వేమత్ ముచ్చటైన ఊరు. 2012 ఒలింపిక్స్ తెరచాప పందేలు ఇక్కడే జరిగాయి. రేవు గోడను ఆనుకుని మెలికలు తిరిగిన ఇళ్లు, వేయించిన చేపల వాసన. 1348లో ఇంగ్లండులోకి ప్లేగు అడుగుపెట్టింది కూడా ఈ రేవులోంచేనని పాత చరిత్రలు చెబుతాయి. రేవన్నాక సరుకులే రావు మరి.

కానీ ఈ తీరం కథల్లో మనకు తగిలేది వేరొకటి ఉంది. 1805 ఫిబ్రవరి 5. ఈస్టిండియా కంపెనీ ఓడ అర్ల్ ఆఫ్ అబర్గవెనీ బెంగాల్‌కు, అక్కడి నుంచి చైనాకు బయల్దేరి దారిలో ఉంది. కెప్టెన్ జాన్ వర్డ్స్‌వర్త్. మన భావకవులు అభిమానంగా చదువుకున్న విలియం వర్డ్స్‌వర్త్‌కు సొంత తమ్ముడు. ఓడలో దాదాపు నాలుగు వందల మంది, పెట్టెల నిండా వెండి నాణేలు. వాతావరణం బాగోలేక పోర్ట్‌లాండ్ వైపు ఆశ్రయానికి తిరిగారు. దారి తెలిసిన స్థానిక పైలట్‌ను ఎక్కించుకున్నారు. ఇక భయం లేదనుకున్న వేళ గాలి పడిపోయింది. తుపాను కాదు, గాలి లేకపోవడం. తెరచాపలు వేలాడిపోయాయి. నీటివాటం మాత్రం ఆగలేదు. అంత పెద్ద ఓడను నెమ్మదిగా పక్కకు మోసుకెళ్లి షాంబుల్స్ అనే మేట మీద పెట్టింది. రెండు గంటలు అక్కడే కొట్టుకుని, అడుగు చిల్లిపడి, చివరికి ఊడివచ్చింది. వేమత్ ఇసుకలో ఓడను ఎక్కించేద్దామని కెప్టెన్ తాపత్రయం. మైలున్నర దూరంలో, రాత్రి పదకొండు గంటలకు, మునిగిపోయింది. అక్కడి లోతు తక్కువ కావడంతో ఓడ అడుగు నేలకు ఆనినా కొయ్యల కొసలు నీటిపైనే ఉన్నాయి. ఆ కొయ్యల తాళ్లకు వేలాడినవాళ్లలో చలికి బిగుసుకుపోగా మిగిలినవాళ్లు బతికారు. 250 మందికి పైగా పోయారు. కెప్టెన్ వాళ్లలో ఒకడు. అన్నగారి కవిత్వం ఆ తర్వాత మునుపటిలా లేదని సాహిత్య విమర్శకులంటారు.

వేమత్ దాటాక అసలు పరీక్ష. పోర్ట్‌లాండ్ బిల్.

పటం మీద చూస్తే పోర్ట్‌లాండ్ ఇంగ్లండు నుంచి దక్షిణంగా వేలాడే కన్నీటి బొట్టులా ఉంటుంది. లండన్ సెయింట్ పాల్స్ చర్చి కట్టిన రాయి ఇక్కడిదే. ఉత్తరాన, 1849లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ శంకుస్థాపన చేస్తే ఖైదీల చేత రాళ్లు కొట్టించి కట్టిన పెద్ద రేవుగోడలున్నాయి. దక్షిణపు కొసనే బిల్ అంటారు. ఛానల్లో అటూ ఇటూ నడిచే నీటికి అడ్డంగా మోకాలు పెట్టినట్టు ఉంటుంది ఈ కొస. పైగా నీటి అడుగున రాతి అరుగు ఒకటి దక్షిణంగా మైలు దూరం సాగి ఉంది. లోతులోంచి వచ్చే ప్రవాహం ఆ అరుగును ఎక్కి దూకాలి. అలా దూకే చోట సముద్రం తెల్లగా చిందులేస్తుంది. దాన్ని పోర్ట్‌లాండ్ రేస్ అంటారు. పౌర్ణమి రోజుల్లో ఏడు నాట్లు, ఆ పైన. రచయిత హిలేర్ బెలోక్ తన చిన్న పడవ నోనా ప్రయాణం గురించి 1925లో రాసిన పుస్తకంలో ఈ రేస్ గురించి భయభక్తులతో రాశాడు. ఆయన మామూలుగా దేనికీ భయపడని నోటి మనిషి.

దీన్ని దాటడానికి రెండు దారులు. ఒకటి, దక్షిణంగా అయిదారు మైళ్లు బయటికి పోయి దూరం నుంచి చుట్టి రావడం. రెండోది వింటే నమ్మబుద్ధి కాదు: ఒడ్డును రాసుకుంటూ పోవడం. రేస్‌కూ రాళ్లకూ మధ్య సన్నటి నున్నటి నీటిపట్టీ ఒకటి ఉంటుంది. ఎంత సన్నం? కొన్ని వందల మీటర్లు, ఒక్కోసారి ఇంకా తక్కువ. లైట్‌హౌస్ కింద రాళ్ల మీద గాలాలు వేసుకున్నవాళ్ల ముఖాలు కనిపించేంత దగ్గర. ఆ దారి కూడా ఎప్పుడూ తెరిచి ఉండదు. బిల్‌కు రెండు పక్కలా పన్నెండు గంటల్లో తొమ్మిది గంటలకు పైగా నీరు దక్షిణంగానే, అంటే నేరుగా రేస్ నోట్లోకే పోతుంది. మిగిలిన కొద్దిసేపట్లో బిల్ కొసకు చేరాలి. డోవర్ పోటు సమయాన్ని పట్టుకుని వెనక్కి లెక్కవేస్తే రెండు మూడు గంటల వ్యవధి దొరుకుతుంది. అరగంట ముందొస్తే ఎదురునీరు. గంట ఆలస్యమైతే పక్కకు ఊడ్చి రేస్‌లో పడేస్తుంది.

ఆ ఇరవై నిమిషాలు పడవలో మాటలుండవు. ఒకరు చుక్కాని దగ్గర. రెండోవారు ముందు కొసన నిలబడి నీళ్లలోకి చూస్తుంటారు. ఎండ్రకాయలు, రొయ్యల బోనులకు కట్టిన బుంగలు ఆ పట్టీ నిండా తేలుతుంటాయి. కొన్ని నీటి జోరుకు మునిగిపోయి, ఒక అడుగు లోపల బూడిదరంగు నీడలా ఉంటాయి. వాటి తాడు ఇంజను రెక్కకు చుట్టుకుందా, ఇంజను ఆగుతుంది. ఇక్కడ ఆగడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎడమవైపు, రాయి విసిరితే పడేంత దూరంలో, తెల్లటి నీరు గోలగా ఎగిరిపడుతోంది. కుడివైపు కొండ. పడవ కింద మాత్రం గంధం తీసినట్టు నున్నగా ఉంది. గోదావరి వరదలో రేవు దాటించే పడవవాడు ఎదుటి రేవుకు గురిపెట్టడు. ఎగువకు ముక్కు పెట్టి, ఏరు తోసిన మేరకు దిగి, అనుకున్న చోట ఆనుతాడు. వీళ్లూ అదే చేస్తున్నారు. పడవ ముక్కు చూసేది కొండ వైపు, పడవ పోయేది కొస వైపు. ఫోనులో జీపీఎస్ మనం ఎక్కడున్నామో చుక్కపెట్టి చూపిస్తుంది, నిజమే. వచ్చే పది నిమిషాల్లో నీరు ఏం చేయబోతోందో ఆ చుక్కకు తెలియదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పోర్ట్‌లాండ్ వాళ్ల ముందు కుందేలు మాట ఎత్తకూడదు. రాతి గనుల్లో కుందేళ్లు తవ్విన బొరియల వల్ల చరియలు విరిగిపడేవట. అప్పటి నుంచి ఆ జంతువు పేరు ఉచ్చరిస్తే కీడని నమ్మకం. 2005లో కుందేలు కథతో ఒక యానిమేషన్ సినిమా వస్తే, ఆ దీవిలో అంటించే పోస్టర్ల మీద ఆ మాట లేకుండా వేరే వాక్యం అచ్చేశారు. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగే మనం నవ్వే పని లేదు.

బిల్ దాటితే లైమ్ బే. డార్ట్‌మత్ దాకా 40 నాటికల్ మైళ్లకు పైనే. తిన్నగా పోతే పగలంతా, సాయంత్రం దాకా. ఇక్కడి చిక్కు వేరే రకం. కుడివైపు పొడుగునా నేలే ఉంటుంది, దూరలేని రేవులు ఉంటాయి. లైమ్ రీజిస్ రేవు ఆటులో ఎండిపోతుంది. వెస్ట్ బే మొగ సన్నం. సముద్రం మీంచి గాలి కొడితే ఆ మొగలో అలలు విరుగుతాయి. ఎక్స్‌మత్ దగ్గర ఇసుకమేట. అంతర్వేది, నిజాంపట్నం వైపు మొగ పూడితే పడవలు ఎలా బోల్తా పడతాయో తెలిసిన మన మత్స్యకారులకు ఈ ముక్క విప్పి చెప్పాల్సిన పని లేదు. గాలి ముదిరినప్పుడు అవసరమైన రేవు, సరిగ్గా ఆ గాలి ఉన్నప్పుడే మూసుకుపోతుంది.

పోర్ట్‌లాండ్ నుంచి వాయవ్యంగా 29 కిలోమీటర్లు సాగే చెజిల్ బీచ్ ఈ తీరానికి శ్మశానం లాంటిది. నైరుతి గాలికి చిక్కిన తెరచాప ఓడలు వందల ఏళ్లు అక్కడ పగిలాయి. ఆ బీచ్ మీద ఇసుక లేదు, గులకరాళ్లే. అలలు వాటిని ఎలా జల్లెడ పట్టాయో గానీ, పడమటి కొసన రాళ్లు బఠాణీ గింజంత, పోర్ట్‌లాండ్ దగ్గరకొచ్చేసరికి బంగాళాదుంపంత. చీకట్లో ఒడ్డు చేరిన పాత దొంగసరుకుల పడవవాళ్లు వంగి ఒక రాయి చేతిలోకి తీసుకుని, దాని సైజును బట్టి ఎక్కడ దిగారో చెప్పేవారని ప్రతీతి. దిక్సూచీ లేదు, పటమూ లేదు, అరచేతిలో రాయి.

ఒడ్డుకు దూరంగా ఉండటమే క్షేమం అని మొదట పట్టుబట్టిన చిన్న పడవల మనిషి రిచర్డ్ టరెల్ మక్‌ముల్లెన్. లండన్‌లో స్టాక్ బ్రోకర్. 1850లో లియో అనే ఇరవై అడుగుల పడవతో మొదలుపెట్టి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. 1869లో "డౌన్ ఛానల్" అన్న పుస్తకం రాశాడు. అప్పట్లో యాట్ ఉన్న పెద్దమనుషులు కిరాయి నావికులు తెరచాపలు లాగుతుంటే చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవారు. ఈయన చేతులతో పనిచేసే రకం, కోపిష్టి. 1877లో సిబ్బందితో పొసగక వాళ్లను ఫ్రాన్సులో షెర్‌బర్గ్ దగ్గర దింపేసి, పందొమ్మిదిన్నర టన్నుల ఓరియన్‌ను ఒక్కడే ఛానల్ దాటించి ఇంటికి తెచ్చుకున్నాడు. తుపాను వస్తుంటే రేవు వైపు పరిగెత్తే పడవలకన్నా, తెరచాప తగ్గించి సముద్రంలోనే నిలబడ్డ పడవ బతుకుతుందని ఆయన వాదం. ఆ వాదాన్ని నలభై ఏళ్లు సొంత ఒంటి మీద ప్రయోగించి చూశాడు. 1891 జూన్‌లో ఒంటరిగా ఛానల్ మీద పోతున్న ఆయన పడవ పెర్సియస్‌ను ఫ్రెంచి జాలర్లు చూశారు. మనిషి చుక్కాని దగ్గర కూర్చున్న కూర్చున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయింది. సముద్రం ఆయన్ను ఏమీ చేయలేదు.

నడిసముద్రంలో చోటు ఎంత విలువైనదో చెప్పగల తెలుగువాళ్లూ ఇద్దరున్నారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, పదిహేడు మీటర్ల తారిణి పడవలో భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 254 రోజులు. దక్షిణ సముద్రాల్లో కొండల్లాంటి అలలు చూశారు. అయితే అక్కడ వాళ్లకు లేని ఒక బాధ ఈ ఎనిమిది మీటర్ల పడవవాళ్లకు గంటగంటకూ ఉంది: పక్కనే నేల ఉండటం.

మధ్యాహ్నానికి చెజిల్ కనుమరుగైంది. గాలి తగ్గింది. సూప్ కాచుకుని ఒక్కొక్కరే తాగారు, ఎందుకంటే ఒకరు ఎప్పుడూ చుక్కాని దగ్గరుండాలి. సాయంత్రం ఆరుకు ఎదురుగా కొండలు. డార్ట్‌మత్ మాత్రం లేదు. ఆ రేవు మొగ కొండల మడతలో దాక్కుని ఉంటుంది. బయటి నుంచి చూసేవాడికి గోడ తప్ప తలుపు కనిపించదు. అందుకే 1864లో కింగ్స్‌వేర్ వైపు కొండ మీద ఎనిమిది పలకల బోలు రాతి గోపురం ఒకటి, ఎనభై అడుగుల ఎత్తున, కేవలం గుర్తు కోసం కట్టారు. దీపం లేదు, మనిషి లేడు. విశాఖ మత్స్యకారుడు డాల్ఫిన్స్ నోస్ కొండనూ ఒడ్డు మీద మరో గుర్తునూ ఒకే గీతలోకి తెచ్చుకుని తన చేపల చోటు పట్టుకున్నట్టే, వీళ్లూ ఆ గోపురాన్ని చూసుకుంటూ గోడ మీదికే పోయారు. ఆఖరి అర మైలులో గోడ విచ్చుకుంది. రెండు పక్కలా రెండు చిన్న కోటలు, మధ్య నిశ్చలమైన నది.

తాళ్లు కట్టాక, తెరచాప మడిచాక, మళ్లీ రేడియో. "ప్లిమత్" అన్న పేరు వచ్చింది. నైరుతి గాలి, ఎనిమిదో బలం, లేటర్. అంటే ఇంకా పన్నెండు గంటలు ఉన్నాయి. తర్వాతి రేవు సాల్‌కోంబ్ ఇరవై మైళ్లు కూడా లేదు. రాత్రికి రాత్రి పోతే చేరిపోవచ్చు. కానీ దాని మొగలోనూ ఇసుకమేట ఉంది, దక్షిణపు గాలికి అక్కడా అలలు విరుగుతాయి. ఇద్దరూ పటం చూశారు, అల్మనాక్ చూశారు. ఒకరు పెన్సిల్ కింద పెట్టేశారు. రెండోవారు బంగాళాదుంపలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.